వేడికి తెరచుకునే మూత

సింగపూరు గాలిలో తేమ సగటున 80 శాతానికి పైగానే ఉంటుంది. డబ్బా మూత వదులైతే అప్పడాలు మెత్తబడిపోవడం ఇక్కడి తెలుగు గృహిణులు ఎరిగినదే. పాలీయురేథేన్ రంగుల పనిలో ఉన్నవారికి ఈ తేమ మరింత చేటు.

1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం కనుగొన్న ఈ పదార్థానికి ఐసోసయనేటు ప్రాణం. పాలియాల్‌తో కలిస్తే అది గట్టి పూతగా మారుతుంది. నీరు ఎదురైతే దానితోనూ చర్య జరిపి, బొగ్గుపులుసు వాయువును విడిచి, పూతలో బుడగలు లేపుతుంది. ఐసోసయనేటు అనగానే మనవారికి భోపాల్ స్ఫురించక మానదు. 1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి వెలువడిన మిథైల్ ఐసోసయనేటు ఈ కుటుంబంలోనిదే. రంగులలో వాడేవి అంత సులభంగా ఆవిరి కావు. అయినా వాటి తుంపరలు పీల్చిన కార్మికులకు ఉబ్బసం రావచ్చు.

అందుకే రసాయన శాస్త్రజ్ఞులు దీనికొక మూత బిగించారు. పొడి నైట్రోజన్ వాయువు నింపిన పాత్రలో ఐసోసయనేటును ఉంచి, మిథైల్ ఇథైల్ కీటాక్సైమ్ వంటి మూత పదార్థాన్ని చుక్కచుక్కగా చేర్చుతారు. చర్యలో వేడి పుడుతుంది గనుక తొందరపాటు పనికిరాదు. పరారుణ వర్ణపటంలో 2270 దగ్గర కనిపించే ఐసోసయనేటు శిఖరం మాయమైతే మూత పడినట్లే. ఇక ఆ మిశ్రమాన్ని పాలియాల్‌తో కలిపి ఒకే డబ్బాలో నిలువ చేయవచ్చు.

అసలు పరీక్ష తరువాతనే. నిలువ ఉంచిన డబ్బాలో రంగు చిక్కబడుతున్నదేమో వారాల తరబడి కొలవాలి. రేకులపై పూసి, వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కొలిమిలో కాల్చి, ద్రావణిలో తడిపిన గుడ్డతో ముందుకూ వెనుకకూ రుద్దాలి. నూరుసార్లకు పూత చెదరకపోతే మూత సరిగా తెరచుకున్నదని అర్థం. డైమిథైల్ పైరజోల్ మూత సుమారు 120 డిగ్రీల వద్ద, కీటాక్సైమ్ 140 వద్ద, కాప్రోలాక్టమ్ 160 దాటాక తొలగుతాయి. ఇవి స్థిర సంఖ్యలు కావు. ఉత్ప్రేరకం మారితే అవీ మారతాయి.

ఈ విద్యతో తెలుగునేలకూ చుట్టరికముంది. పాలీయురేథేన్ పూతలపై 2007లో ఒక సుదీర్ఘ సమీక్షా వ్యాసాన్ని వెలువరించినది హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలే.

చిక్కు ఒకటి మిగిలింది. ఊడిన మూత ఎక్కడికి పోతుంది? కొలిమి పొగలోకే. కీటాక్సైమ్‌ను ఐరోపా సమాఖ్య క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చగా, 2022 నుండి ఆ వర్గీకరణ అమలులోకి వచ్చింది. అప్పటినుండి తయారీదారుల చూపు పైరజోల్ మూతల వైపూ, మాలోనేట్ మూతల వైపూ మరలుతోంది.