పది సెంట్ల బొమ్మ

2001వ సంవత్సరము తరువాత పది పదునైదేండ్లు కంప్యూటరు ముందు కూర్చున్న వారిలో ఆ పచ్చని గుట్టను చూడని వారు అరుదు. పైన నీలాకాశము, అందు దూదిపింజలవంటి మబ్బులు, క్రింద నున్నగా వాలిన పచ్చిక. విండోస్ ఎక్స్‌పీతోపాటు ఆ బొమ్మ పాఠశాలల కంప్యూటరు గదులకు, కార్యాలయములకు, ఇండ్లకు వచ్చి చేరెను. చాలమంది అది ఎవరో చిత్రకారుడు కల్పించిన దృశ్య మనుకొనిరి. కల్పన కాదు. కాలిఫోర్నియా రాష్ట్రములోని సొనోమా ప్రాంతమున 1996 జనవరిలో చార్లెస్ ఒరియర్ అను ఛాయాగ్రాహకుడు కారులో పోవుచు, రోడ్డు ప్రక్కన ఆగి, ఫిల్ము కామెరాతో తీసిన ఫొటో. అచ్చట అంతకుముందు ద్రాక్షతోట ఉండెడిది. వేరుపురుగు పట్టి తీగెలను పెరికివేసిరి. వానలకు గడ్డి మొలిచెను. తోటకు తెగులు రాకున్నచో ఈ బొమ్మయే లేదు.

ఒరియర్ దానిని ఎవరో అడిగినందున తీయలేదు. తీసి, తాను స్థాపకులలో ఒకడైన వెస్ట్‌లైట్ అను ఏజెన్సీలో నిలవ యుంచెను. 1998లో ఆ ఏజెన్సీని కార్బిస్ అను సంస్థ కొనెను. మరి రెండేండ్లకు మైక్రోసాఫ్టు వారు ఆ బొమ్మపై సర్వహక్కులను కొనిరి. వెల ఎంతయో బయటపెట్టరాదని ఒప్పందము. మూల ఫిల్మును పంపబోగా, దాని విలువ విని కొరియరు సంస్థలు బాధ్యత వహింపజాలమనెను. చివరకు ఒరియర్ విమానమెక్కి, తన చేతులతోనే దానిని అప్పగించి వచ్చెను.

ఇట్లు ముందుగా తీసి, కోరువాడు వచ్చువరకు దాచియుంచు బొమ్మలను నిలవ చిత్రము లనవచ్చును. ఇంగ్లీషులో స్టాకు ఫొటో లందురు. పంట నూర్చిన రైతు ధాన్యమును గాదెలో పోసి బేరగాని కొరకు ఎదురుచూచినట్లు, ఛాయాగ్రాహకుడు తన బొమ్మలను ఏజెన్సీకి అప్పగించి కూర్చుండును. అయితే ఏజెన్సీ బొమ్మను అమ్మదు. దానిని వాడుకొను అనుమతిని అమ్మును. కావున ఒకే బొమ్మ వేయిమారులు అమ్ముడుపోవచ్చును. ధాన్యమున కా భాగ్యము లేదు. వచ్చిన సొమ్ములో ఒక వంతు ఏజెన్సీది, ఒక వంతు బొమ్మ తీసిన వానిది. ఏ వంతు ఎంత అనునదే తగవు.

వ్యాపారము క్రొత్తది కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ రాబర్ట్స్ అను నాతడు 1920లోనే ఫిలడెల్ఫియా నగరమున ఇట్టి కొట్టు తెరచెను. ఆటో బెట్మన్ కథ ఇంకను చిత్రమైనది. లైప్‌జిగ్‌లో పుట్టి, బెర్లినులో గ్రంథాలయోద్యోగము చేయుచున్న ఈ యూదుని నాజీలు కొలువునుండి తొలగించిరి. 1935లో ఆయన రెండు పెద్ద పెట్టెల నిండ బొమ్మలతో న్యూయార్కు చేరెను. ఇతరులు నగలు దాచుకొని పారిపోవు దినములవి. ఆ రెండు పెట్టెలే పెరిగి పెరిగి బెట్మన్ ఆర్కైవు అయ్యెను. 1995లో బిల్ గేట్స్‌కు చెందిన కార్బిస్ దానిని కొనునప్పటికి అందలి చిత్రములు కోటికి మించెను. పిమ్మట వానిని పెన్సిల్వేనియాలో పాత సున్నపురాతి గనిలో, నేలకు రెండువందల అడుగులకు పైగా లోతున, చల్లని గదులలో భద్రపరచిరి.

ఆ కాలమున ఏజెన్సీ గడప దాటుట తేలిక కాదు. చేయి తిరిగిన కొద్దిమందినే లోనికి రానిచ్చెడివారు. రానిచ్చిన వానికి గిట్టుబాటు ఉండెడిది. బొమ్మ పుస్తకపు అట్టమీదనా, లోపలి పుటలోనా, ఎన్ని ప్రతులు, ఎన్ని నెలలు అని అడిగి వెల కట్టెడివారు. వచ్చినది సాధారణముగా చెరిసగము. వందల డాలర్ల బేరములు వింత కావు.

ఈ గడపను పగులగొట్టినది 2000వ సంవత్సరమున కెనడాలోని కాల్గరీ నగరమున బ్రూస్ లివింగ్‌స్టన్ ప్రారంభించిన ఐస్టాక్‌ఫొటో. మొదట అది వ్యాపారమే కాదు. బొమ్మలు గీయువారు, తీయువారు ఒకరి చిత్రము లొకరు ఉచితముగా ఇచ్చిపుచ్చుకొను చోటు. ఖర్చు పెరుగగా, ఒక్కొక్క బొమ్మకు కొన్ని సెంట్లు, పిదప ఒక డాలరు అని పెట్టిరి. డిజిటల్ కామెరా అప్పుడే ఇంటింటికి వచ్చుచుండెను. ఫిల్ము ఖర్చు లేదు, కడుగు ఖర్చు లేదు. ఉపాధ్యాయులు, గృహిణులు, విద్యార్థులు ఆదివారము తీసిన బొమ్మలను సోమవారము అమ్మకమునకు పెట్టసాగిరి.

ఫలితమేమో 2006 జూన్ నెలలో వైర్డ్ పత్రికలో జెఫ్ హౌ అను రచయిత ఒక ఉదాహరణతో చూపెను. కాలిఫోర్నియాకు చెందిన ఒక ఛాయాగ్రాహకుడు ఒక ఆరోగ్య ప్రదర్శనశాలకు బొమ్మలు అమ్మజూచెను. ప్రదర్శనశాల బీదది కావున వెల సగమునకు తగ్గించి, బొమ్మకు నూరు నూటయేబది డాలర్లు అడిగెను. బేరము కుదిరినట్లే ఉండెను. ఇంతలో వారికి ఐస్టాక్‌ఫొటో కంటబడెను. అచ్చట బొమ్మ ఒక డాలరు. వారు యాబదియారు బొమ్మలు అచ్చటనే కొనిరి. ఆ ఛాయాగ్రాహకుడు 2000లో నూరు నిలవ చిత్రములపై సుమారు 69,000 డాలర్లు సంపాదించెను. 2005లో వేయికి పైగా చిత్రములపై 59,000 మాత్రమే. పది రెట్లు బొమ్మలు, తక్కువ రాబడి. ఊరు పేరు లేని జనసమూహముచే పని చేయించుకొను ఈ పద్ధతికి జెఫ్ హౌ ఆ వ్యాసముననే 'క్రౌడ్‌సోర్సింగ్' అని పేరు పెట్టెను. ఆ మాట నేడు నిఘంటువులలో ఉన్నది.

2003లో న్యూయార్కున జాన్ ఒరింజర్ తాను తీసిన ముప్పదివేల బొమ్మలతో షటర్‌స్టాక్ ప్రారంభించి ఇంకొక మెట్టు ముందుకు పోయెను. అప్పట్లో నెలసరి చందా కట్టినవాడు రోజునకు 25 బొమ్మలు తీసికొనగలిగెడివాడు. బొమ్మ తీసినవానికి ఒక్కొక్క వాడుకకు పావు డాలరు ముట్టెడిది. పూర్వము నూరు డాలర్లకు ఒక బొమ్మ అమ్మి చెరిసగము పంచుకొన్నవానికి ఏబది ముట్టెడివి. ఆ ఏబదికే ఇక రెండువందల వాడుకలు కావలసివచ్చెను. అయినను జనము తండోపతండములుగా వచ్చిరి. పావు డాలరు న్యూయార్కులో చిల్లర. మనీలాలోను, కీవ్‌లోను, విజయవాడలోను అట్లు కాదు. పైగా 'ఒకమారు తీయుము, నిద్రలో కూడ సంపాదింపుము' అను ఊరింపు ఒకటి. నిద్రలో సంపాదన నిజమే. కాని దానికి ముందు మేల్కొనవలసిన రాత్రుల లెక్క ఎవరును చెప్పరు.

ఆ మేల్కొనుట ఎట్టిదో చూడవలెను. బొమ్మ పంపగానే ఏజెన్సీ పరిశీలకుడు దానిని అసలు పరిమాణమునకు విప్పి చూచును. చీకటిలో గరుకు కనబడినను, చూపు నిలువవలసినచోట మసకబారినను త్రోసివేయును. చొక్కాపై వ్యాపార చిహ్నమున్నను త్రోసివేత. ఫొటోలోని మనిషి గుర్తింపదగినవాడైనచో అతని సంతకముతో అనుమతిపత్రము కావలెను, పిల్లవాడైనచో తల్లిదండ్రులది. మన ఊరి సంతలో పండుముసలి నవ్వు ఎంత అందముగా నున్నను, ఆమె సంతకము లేనిదే అది ప్రకటనలకు పనికిరాదు. కట్టడములకు కూడ ఈ చిక్కు కలదు. పారిసులోని ఐఫిల్ గోపురమును పగలు తీసి అమ్ముకొనవచ్చును. రాత్రి తీసినచో, దానిపై అమర్చిన దీపాలంకరణ కళాకృతి కావున, అనుమతి లేక వ్యాపారమునకు వాడరాదు.

అనుమతిపత్రమున కెంత బలమున్నదో హంగేరీ దేశపు విద్యుత్ ఇంజనీరు ఆంద్రాష్ అరాతో ఎరుగును. ఒక ఛాయాగ్రాహకుని కోరికపై ఆయన వైద్యుడుగను, ఉపాధ్యాయుడుగను, తాతగను నటించి బొమ్మలు తీయించుకొనెను. పెదవులపై నవ్వు, కన్నులలో ఏదో బాధ. కొంతకాలమునకు ఆ ముఖము 'బాధ దాచుకొను హెరాల్డు' అను పేర ప్రపంచమంతట హాస్యబొమ్మగా తిరుగుచుండుట చూచి ఆయన మొదట దిగులుపడెను. పిదప దానినే తన పేరుగా స్వీకరించి, సభలలో మాటలాడుటకు దేశదేశములు తిరిగెను. అందరికి అంత ఓర్పు ఉండదు. ముఖమును అద్దెకిచ్చు పత్రముపై సంతకము చేయువారు, చేయించువారు రెండుమార్లు చదువుట మంచిది.

ఇక అన్నిటికంటె విసుగు పుట్టించు పని మాటలు చేర్చుట. వెదకువాడు మాటలతో వెదకును. మాట సరిగా లేని బొమ్మ బావిలో పడిన చెంబు. ముగ్గు నడుమ గొబ్బెమ్మను ఫొటో తీసినవాడు 'గొబ్బెమ్మ' అని మాత్రమే వ్రాసినచో లండను కొనుగోలుదారు దానిని ఎట్లు కనుగొనును? సంక్రాంతి, పంటల పండుగ, ఆవుపేడ, బంతిపూలు, దక్షిణ భారతదేశము, జనవరి, ముంగిలి అని ఇంగ్లీషులో వరుసగా వ్రాయవలెను. అట్లని లేనిదానిని చేర్చరాదు. ఒక వస్తువును చూచి, అది ఎవరికి ఎందుకు కావలసివచ్చునో ఊహించి, పేర్లు పెట్టుట భాషాభ్యాసమే. తరగతిలో ఒక ఫొటో చూపి, దీనికి ఇరువది మాటలు వ్రాయుడని విద్యార్థుల నడిగిన ఉపాధ్యాయునకు సంగతి వెంటనే తెలియును: మొదటి అయిదు మాటలు అందరికి వచ్చును, తరువాతివి చూచినవానికే వచ్చును.

సంపాదించిన సొమ్ము అమెరికాలో అమ్ముడుపోయిన బొమ్మలదైనచో అచ్చటి పన్ను కొంత ముందే పట్టుకొందురు. మన దేశమునకు అమెరికాకు గల పన్ను ఒప్పందము ప్రకారము రాయల్టీపై 15 శాతము. ఆ ఒప్పందపు లాభము కోరుచు పత్రము నింపని వానికి 30 శాతము.

కొట్టు యజమానులకు మాత్రము పంట బాగుగనే పండెను. 2006లో గెట్టీ ఇమేజెస్ ఐస్టాక్‌ఫొటోను 5 కోట్ల డాలర్లకు కొనెను. ఫొటోలియా అను ఇట్టిదే మరియొక సంస్థను అడోబీ 80 కోట్లకు కొనుచున్నట్లు 2014 డిసెంబరులో ప్రకటించెను. 2012లో షటర్‌స్టాక్ వాటాలు న్యూయార్కు స్టాక్ ఎక్స్‌ఛేంజికి ఎక్కెను. గాదె విలువ పెరిగినంతగా గింజ విలువ పెరుగలేదు.

2020 జూన్ నెలలో, కోవిడ్ కారణమున లోకమంతట పనులు నిలిచిపోయిన వేళ, షటర్‌స్టాక్ వారు చెల్లింపు పద్ధతిని మార్చిరి. అంతవరకు జీవితకాలమున ఎంత సంపాదించెనో చూచి వంతు నిర్ణయించెడివారు. ఇక మీదట ఆ సంవత్సరము ఎన్ని బొమ్మలు అమ్ముడుపోయెనో అదియే లెక్క: మొదటి నూటికి 15 శాతము, అచ్చటనుండి మెట్టు మెట్టుగా పెరిగి, ఇరువదియైదువేలు దాటిన తరువాత 40 శాతము. ప్రతి జనవరి 1వ తేదీన అందరును మరల మొదటి మెట్టుకు దిగవలెను. పది పదునైదేండ్లు బొమ్మలు చేర్చినవానికిని, నిన్న వచ్చినవానికిని ఒకే గడప. చందాదారు తీసికొన్న బొమ్మకు కనీసము పది సెంట్లు. ముప్పదియెనిమిది సెంట్లవరకు పొందుచున్న పాతకాపులకు ఇది పిడుగుపాటు.

వారేమి చేయగలరు? సంఘము లేదు, ఒకరి ముఖ మొకరు చూచి యెరుగరు, నూరు దేశములలో చెదరియున్నారు. అయినను కొందరు తమ బొమ్మల నన్నిటిని అమ్మకమునుండి తొలగించిరి. అది పంట తగులబెట్టుకొనుట కాదు. తలుపు మూసి తాళము వేయుట మాత్రమే. ఆ హక్కు వారికి ఉండెను, ఏలయన ఈ వ్యాపారమున బొమ్మపై యాజమాన్యము తీసినవానిదే. కాని పది వేలు, ఇరువది వేలు తాళము వేసినను, అచ్చట ఇంకను కోట్లకొలది బొమ్మలుండెను. కొనువారిలో అధికులకు తేడా తెలియనే లేదు. కొందరు కొన్నాళ్లకు తాళము తీసిరి. కొందరు ఇప్పటికిని తీయలేదు.

ఆ గాయము మానకముందే 2022లో యంత్రము స్వయముగా బొమ్మలు గీయుట మొదలయ్యెను. మాట చెప్పిన చాలును, బొమ్మ వచ్చును. ఆ యంత్రము చూచి నేర్చుకొన్నవి మనుష్యులు తీసిన చిత్రములే. తన చిత్రములను అనుమతి లేక వాడినదని గెట్టీ సంస్థ 2023లో స్టెబిలిటీ ఏఐపై అమెరికాలోను, ఇంగ్లండులోను వ్యాజ్యములు వేసెను. లండను న్యాయస్థానము 2025 నవంబరులో గెట్టీ వాదములలో ముఖ్యమైన వానిని త్రోసివేసి, వ్యాపార చిహ్నము విషయమున మాత్రము కొంతవరకు అంగీకరించెను. అడోబీ తన యంత్రమునకు నేర్పుటకు తన కొట్టులోని బొమ్మలను కూడ వాడి, తీసినవారికి 2023లో కొంత సొమ్ము పంచెను. అడోబీ కొట్టులో యంత్రము గీసిన బొమ్మలను కూడ అమ్మకమునకు పెట్టవచ్చును, గెట్టీలో పెట్టరాదు. ఈ నడుమ గెట్టీ, షటర్‌స్టాక్ రెండును ఒకటి కాదలచినట్లు 2025 జనవరిలో ప్రకటించెను.

చేతులు కలిపిన వ్యాపారులు, ఒంటరిగా సలాడు తినుచు నవ్వు స్త్రీలు, తెల్లని గోడముందు నిలిచిన వైద్యులు: ఇట్టి ఊరు పేరు లేని బొమ్మలను యంత్రము క్షణమున గీయును. ఇన్నాళ్లు ఎక్కువగా అమ్ముడుపోయినవి అవియే, కావున దెబ్బయు వానికే. వార్తలకు, పాఠ్యపుస్తకములకు కావలసిన చిత్రముల సంగతి వేరు. మేడారము జాతరకు వచ్చిన జనమును, కొండపల్లిలో పొణికి కఱ్ఱ చెక్కుచున్న పనివానిని, పొంగిన గోదావరి గట్టును యంత్రము ఊహింపగలదు, చూడలేదు. సంపాదకీయ చిత్రములు అను ఈ తరగతిలో సాధారణముగా మనుష్యుల అనుమతిపత్రము అవసరము లేదు, వ్యాపార చిహ్నములకు అభ్యంతరము లేదు. ప్రకటనలకు మాత్రము వాడరాదు. పదునెనిమిదేండ్లు నిండినవారు ఎవరైనను షటర్‌స్టాక్‌కు పంపవచ్చును. శీర్షికలో మొదట ఊరు, దేశము, ఫొటో తీసిన తేదీ, తరువాత అచ్చట జరుగుచున్నది వ్రాయవలెను. ఆ వరుస తప్పినచో పరిశీలకుడు బొమ్మను త్రిప్పి పంపును.