ఫొటో కూడా దిద్దాలి

అక్కలారా! పలక మీద 'అ' ఎట్లా నేర్చుకున్నాం? ముందు రాసిన దాని మీదే దిద్దాం. చేయి కుదిరాక సొంతంగా రాశాం. ఫొటో తీయడం కూడా అంతే.

మన పక్కనే బెంగళూరు ఉంది. అక్కడ పెరుమాళ్ అనే ఆయన ఉండేవారు. 1932లో పుట్టారు. పక్షుల ఫొటోలు, అడవి జంతువుల ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నారు. ఎడ్వర్డ్స్ అనే పెద్దాయన దగ్గర ఆ పని నేర్చారు. తర్వాత తానూ ఎందరికో నేర్పారు. 2017లో కన్నుమూశారు.

మనం ఎట్లా దిద్దాలి?

మంచి పక్షి ఫొటో ఒకటి ముందు పెట్టుకోండి. మూడు సంగతులు చూడండి. వెలుగు ఎటు నుంచి పడింది? పక్షి కంటి ఎత్తులో తీశారా, పైనుంచి తీశారా? పక్షి వెనక ఏముంది?

ఇప్పుడు సెల్‌ఫోను తీసుకోండి. కాణిపాకంలో బాహుదా ఏటి ఒడ్డుకో, మీ ఊరి చెరువు గట్టుకో పోండి. పొద్దున ఎండ మెత్తగా ఉంటుంది. ఎండ మీ వీపు మీద పడాలి. కూర్చోండి. కొంగ కంటి ఎత్తులో ఫోను పట్టుకోండి. కొంగ చిన్నగా పడిందా? పడనీండి. దగ్గరికి పోతే ఎగిరిపోతుంది.

ఇది మాత్రం దిద్దొద్దు

పాతకాలంలో గూటి దగ్గర ఫొటోలు తీసేవారు. మనిషి దగ్గరికి పోతే తల్లిపక్షి గూడు వదిలేయొచ్చు. అప్పుడు గుడ్లు చల్లబడతాయి. లోపలి పిల్ల చచ్చిపోవచ్చు.

పలమనేరు వైపు కౌండిన్య అడవిలో ఏనుగులు ఉన్నాయి. అవి పొలాల్లోకి వస్తాయి. ఫోను పట్టుకుని వాటి ముందుకు పోవద్దు. ఫొటో కంటే ప్రాణం ఎక్కువ. వాటిదైనా, మనదైనా.

మీరు చేయండి

ఒకే పిట్టను ఏడు రోజులు తీయండి. మొదటి ఫొటో, ఏడో ఫొటో పక్కపక్కన చూడండి. ఏం మారింది? పిట్ట పేరు, తేదీ నోటు పుస్తకంలో మీ చేత్తో రాయండి.