రాత్రి ముహూర్తాలు – శబ్ద నియమాలు

కొరాపుట్, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలలో పెళ్లి ముహూర్తం అర్ధరాత్రి దాటిన తరువాత పడడం సాధారణమే. ఆ వేళ వివాహం జరుపుటకు ఏ అడ్డంకీ లేదు. ఇరుగుపొరుగు నిద్రను చెడగొట్టే శబ్దానికే ఆంక్షలున్నాయి.

కేంద్ర ప్రభుత్వపు శబ్ద కాలుష్య నియమావళి, 2000 ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు రాత్రి సమయం. అప్పుడు మైకులు, డీజే, బ్యాండు మేళం కల్యాణ మంటపం వంటి మూసిన భవనాలలో, లోపలివారి కోసం మాత్రమే వాడవచ్చు. వీధిలో వేసిన పెళ్లిపందిరి మూసిన భవనం కాదు. కావున ఊరేగింపును, బాణసంచాను 10 గంటలలోపే ముగించుకోవాలి.

పగటివేళ మైకు పెట్టుటకైనా సంబంధిత అధికారి నుండి ముందుగా లిఖితపూర్వక అనుమతి పొందాలి. నివాస ప్రాంతాలలో శబ్ద పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు ఉండే నిశ్శబ్ద మండలంలో ఇవి 50, 40 మాత్రమే. అక్కడ హారన్ మోగించుట, బాణసంచా కాల్చుట పగలు కూడా నిషిద్ధం.

పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా, ముందుగా ప్రకటించిన దినాలలో, అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఆ సడలింపు కుటుంబ శుభకార్యాలకుగాని, నిశ్శబ్ద మండలానికిగాని వర్తించదు.

రాత్రివేళ శబ్దం వలన ఇబ్బంది కలిగినవారు సమీప పోలీస్ స్టేషన్‌కుగాని, 112 నంబరుకుగాని తెలియజేయవచ్చు.