పళ్లచక్రం పట్టుకుని... కొండెక్కే పొగబండి!

ఉదయం ఏడు దాటింది. తమిళనాడులోని మేట్టుపాళయం స్టేషన్లో చిన్నచిన్న నీలం బోగీలు బయలుదేరడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇంజిన్‌ని చూద్దామని పిల్లలు పెట్టెల ముందుకు పరుగు తీస్తారు. తీరా చూస్తే అక్కడ ఇంజినే ఉండదు! అది వెనకాల ఉంటుంది. మామూలు రైల్లో ఇంజిన్ పెట్టెల్ని లాగుతుంది. నీలగిరి కొండ రైల్లో మాత్రం కింద నుంచి పైకి నెడుతుంది.

అది సరదా కోసం చేసిన ఏర్పాటు కాదు. నిటారు దారిలో పెట్టెల మధ్య లంకె తెగితే ఏమవుతుంది? ఇంజిన్ ముందుంటే పెట్టెలు వెనక్కి జారిపోతాయి. వెనక ఉంటే వాటికి అడ్డుగోడలా నిలుస్తుంది. అదీ అసలు కిటుకు. దీనికి తోడు ప్రతి పెట్టెకీ ఓ బ్రేక్స్‌మన్ ఉంటాడు. డ్రైవరు వెనక ఉంటాడు కాబట్టి ముందున్న దారిని చూసేది కూడా మొదటి పెట్టెలోని బ్రేక్స్‌మనే. జెండా ఊపి అతనిచ్చే సైగే డ్రైవరుకి కళ్లు.

పట్టాల మధ్య పళ్లు

కల్లార్ స్టేషన్ దాకా ప్రయాణం మామూలుగానే సాగుతుంది. అక్కణ్నుంచి మొదలవుతుంది అసలు కథ. ప్రతి పన్నెండున్నర మీటర్లకీ ఒక మీటరు ఎత్తు ఎక్కాలి. అంత వాలులో ఇనుప చక్రాలు ఇనుప పట్టాల మీద జారిపోతాయి. అందుకే రెండు పట్టాల నడుమ రంపంలాంటి పళ్లున్న కడ్డీలు పరిచారు. ఇంజిన్ కిందున్న పళ్లచక్రాలు వాటిని పట్టుకుని, ఒక్కో పన్నూ దాటుకుంటూ పైకి ఎక్కుతాయి. కూనూరు దాకా సుమారు ఇరవై కిలోమీటర్లు ఇదే తంతు!

ఈ పని కోసం ప్రత్యేకంగా తయారైనవే 'ఎక్స్' తరగతి ఆవిరి ఇంజిన్లు. పాతవి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్ నుంచి వచ్చాయి. వీటికి నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాల్ని తిప్పుతాయి. వాటి నుంచి బయటికొచ్చిన ఆవిరి వృథా కాకుండా మిగతా రెండింటిలోకి వెళ్లి పళ్లచక్రాల్ని తిప్పుతుంది. ఇలాంటి ఇంజిన్లు ఇప్పుడు బజార్లో దొరికేవి కావు. అందుకే తిరుచ్చిలోని పొన్మలై వర్క్‌షాపు కార్మికులు పాత నమూనాలోనే కొత్తవి తయారు చేశారు. వాటిలో కొన్నింటికి బొగ్గుకు బదులు ఆయిల్ ఇంధనం.

యాభై ఏళ్లకు పైగా ఎదురుచూపు

ఈ కొండకు రైలు వెయ్యాలన్న ఆలోచన 1854 నాటిది. పని మొదలైంది మాత్రం 1891లో. 1899లో కూనూరుకి, 1908లో ఊటీకి రైలు చేరింది. 46 కిలోమీటర్ల దారిలో 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. 326 మీటర్ల ఎత్తులో బయలుదేరి 2,203 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అప్పటికే 1999లో డార్జిలింగ్ రైలుకి ఆ గౌరవం దక్కింది. 2008లో కల్కా-సిమ్లా దారీ ఆ జాబితాలో చేరింది.

పైకి చేరడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. బస్సయితే అందులో సగం టైము చాలు. అయినా జనం ఈ రైలు కోసమే ఎదురుచూస్తారు. ఇంజిన్ దాహం తీర్చుకోవడానికి ఆగినప్పుడల్లా అందరూ కిందికి దిగుతారు. హిల్‌గ్రోవ్‌లో కోతులు పలకరిస్తాయి. చేతిలో తినుబండారం ఉంటే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే! కూనూరులో ఆవిరి ఇంజిన్ సెలవు తీసుకుని డీజిల్ ఇంజిన్‌కి బాధ్యత అప్పగిస్తుంది. అక్కణ్నుంచి తేయాకు తోటలు, యూకలిప్టస్ చెట్లు, చల్లటి గాలి.

తెలుగువాళ్లకి ఈ దారి కొత్తేం కాదు. 'వసంత కోకిల' పతాక సన్నివేశంలో కమల్‌హాసన్ కన్నీళ్లు పెట్టించింది ఈ దారిలోని కేత్తి స్టేషన్లోనే. తెలుగులో 'ప్రేమతో'గా వచ్చిన 'దిల్ సే'లో షారుఖ్ ఖాన్ చిందులేసింది ఈ బండి మీదే.

కొండ కోపిస్తే...

ఇంత పేరున్న రైలుకి అతిపెద్ద శత్రువు వాన. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కొండచరియలు విరిగి పట్టాల మీద పడుతుంటాయి. చెట్లు కూలుతాయి, కట్టకింద మట్టి కొట్టుకుపోతుంది. అలాంటప్పుడు కల్లార్-కూనూరు మధ్య రైలు రద్దవుతుంది. పళ్లకడ్డీ అంగుళం పక్కకు జరిగినా చక్రానికి పట్టు చిక్కదు. కాబట్టి మట్టి ఎత్తేస్తే సరిపోదు, ప్రతి పన్నునీ సరిచూడాలి. బండి మళ్లీ కూత పెట్టిందంటే దాని వెనక వానలో తడుస్తూ గునపాలు పట్టిన గ్యాంగ్‌మెన్ చెమట ఉన్నట్టే.

ఇక్కడ వారసత్వమంటే అద్దాల బీరువాలో దాచిన వస్తువు కాదు. రోజూ నూనె పూసి, మరలు బిగించి, నీళ్లు పట్టి నడిపించాల్సిన బండి. ఒక తరం కార్మికులు తమ విద్యని తర్వాతి తరానికి నేర్పకపోతే ఇంజిన్ ఉన్నా కొండెక్కదు.

వెళ్లాలనుకుంటే తెలుగు రాష్ట్రాల నుంచి కోయంబత్తూరుకి రైళ్లున్నాయి. అక్కణ్నుంచి మేట్టుపాళయం దగ్గరే. సీట్లు తక్కువ కాబట్టి ముందే రిజర్వు చేసుకోవాలి. వానాకాలమైతే బండి నడుస్తోందో లేదో కనుక్కున్నాకే పెట్టె సర్దుకోవాలి. ఇక రైలెక్కాక... గడియారం వైపు చూడకపోవడమే మంచిది!