వేలు చూపని బిడ్డ

బిడ్డ యేడాది దాటిన కొలదినాళ్ళకే చందమామను వేలితో చూపును. చూపి, తల్లి కూడ చూచుచున్నదా యని ఆమె మొగము వంక తిరుగును. మాటలు రాకపూర్వమే బిడ్డ చెప్పు మాట యిది. దీనికెంత విలువ కలదో మేము ఆలస్యముగా తెలిసికొంటిమి.

మాది ఆసిఫాబాదు. మా పిల్లవానికి రెండేండ్లు నిండినను వేలు చూపుట రాలేదు. నీళ్ళు కావలసినచో మా చేయి పట్టి లాగికొనిపోయి బిందెపై పెట్టెడివాడు. మా మొగము మాత్రము చూచెడివాడు కాడు. ఆటబండి చక్రమును గంటలకొలది త్రిప్పుచు కూర్చుండెడివాడు. "వీని బాపు గూడ నాలుగేండ్లకే మాట్లాడిండు, ఏం గాదు తియ్" అని అవ్వ ధైర్యము చెప్పినది. ఇంట తెలుగు, వాకిట ఉర్దూ, మరాఠీ, గోండి వినుటచే మాట వెనుకబడినదని యొక వైద్యుడనెను. ఆ మాటలు మాకును హితముగా తోచెను. అట్లొక సంవత్సరము గడచిపోయినది.

పలు భాషలు వినుటవలన ఆటిజము రాదు. మా వీధిలోనే మూడు భాషల నడుమ పెరిగి చక్కగా మాటలాడు పిల్లలు ఎందరో కలరు.

పిలిచిన పలుకని బిడ్డకు మొదట చెవి పరీక్ష చేయింపవలెను. మా వాని చెవులు బాగుగనే యున్నవి. పేరు పెట్టి పిలిచిన తిరుగనివాడు, పక్కగదిలో బిస్కత్తు పొట్లము చప్పుడైన పరుగెత్తి వచ్చెడివాడు.

తుదకు ఆసిఫాబాద్ రోడ్ స్టేషనులో రైలెక్కి సికింద్రాబాదు పోయితిమి. రక్తము పరీక్షించి చెప్పుదురనుకొంటిమి. ఆటిజమునకట్టి పరీక్ష లేదు. బిడ్డ ఆటను గమనించి, పుట్టిననాటినుండి జరిగినదెల్ల తల్లిదండ్రుల నడిగి నిర్ణయింతురు. మన దేశమున ఇందుకు వాడు కొలమానమొకటి సికింద్రాబాదులోని జాతీయ సంస్థలోనే రూపొందినది. అందు 40 అంశములు కలవు. ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు అంకెలు వేయుదురు. మొత్తము 70కి తక్కువైనచో ఆటిజము లేదని భావింతురు. మా వానికి అంతకు మించినది.

మేమేమి తప్పు చేసితిమని ఇరువురము దుఃఖించితిమి. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని గూర్చి వ్రాసెను. తరువాత కొంతకాలము తల్లి ప్రేమలోని లోపమే దీనికి కారణమను వాదము ప్రబలెను. పరిశోధనల ముందది నిలువలేదు. ఇది మెదడు ఎదుగుదలలోని భేదము. దిష్టికిగాని పెంపకమునకుగాని దీనితో సంబంధము లేదు.

ఆ పేరు తెలిసిన పిదపనే మాకు చేయవలసిన పని తెలిసినది. వాని యెదుట నేలపై కూర్చుండి, వాడు చక్రము త్రిప్పిన మేమును త్రిప్పితిమి. వాడు మా వంక చూచువరకు ఓర్చితిమి. అడుగకముందే అందీయక, అరటిపండు నొక చేత, రొట్టె నొక చేత పట్టి కోరుకొననిచ్చితిమి. ఇవన్నియు ఒక యేడాది ముందే చేసియుండవచ్చునే యను బాధ నేటికిని మమ్ము విడువలేదు.

కావున వినువారిలోని తల్లిదండ్రులకు మా విన్నపమిది. 16 నెలలకు ఒక్క మాటయు, రెండేండ్లకు రెండు మాటల కూర్పును రానిచో, పిలిచిన తిరుగనిచో, వేలు చూపనిచో, వేచియుండకుడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్వాడీలలో పిల్లలను పరీక్షించుట కేర్పడినవి. వారి కీ సంగతి చెప్పుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజము కూడ చేరినది. నిర్ణయమునకు ఎన్ని నెలలు పట్టినను, ఎదురెదురుగా కూర్చుండి ఆడించుటకు ఎవరి పత్రమును అక్కరలేదు.

మా వానికిప్పుడు ఐదేండ్లు. మాటలు కొలదిగనే కలవు. మొన్న పెద్దవాగు ఒడ్డున కొంగను చూచి వేలెత్తినాడు; పిదప మా మొగముల వంక చూచినాడు.