కేబుల్ వారి ఫోనా, వేరొకరి ఇంటర్నెట్ ఫోనా?

టీవీ కార్యక్రమాలు వచ్చే తీగ మీదనే ఇంటర్నెట్టు, టెలిఫోను కూడా ఇస్తామనే కేబుల్ ఆపరేటర్లు నేడు గ్రామాలలోనూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్ గ్రిడ్ ఈ పద్ధతినే అనుసరించింది. మూడు సేవలూ కలిపి దాని తొలి ప్యాకేజీ నెలకు 149 రూపాయలు. మరొక పద్ధతిలో, తీగతో ప్రమేయం లేని సంస్థలు మన ఇంట ఉన్న ఇంటర్నెట్టుపైనే మాట్లాడే సదుపాయం కల్పిస్తాయి. ఎరువుల దుకాణమో, విత్తన వ్యాపారమో నడిపేవారు వీటి తేడాను గ్రహించి ఎంచుకోవడం అవసరం.

రెండు పద్ధతులలోనూ మాట చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి ప్రయాణిస్తుంది. ఒక సంభాషణకు సెకనుకు 80 నుండి 90 కిలోబిట్లు చాలు. కావలసినది వేగం కాదు, క్రమం. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి తికమక పడతారు. తీగ తనదే గనుక కేబుల్ సంస్థ మాటల ప్యాకెట్లకు ముందు దారి ఇవ్వగలదు. ఇతర సంస్థకు ఆ అధికారం లేదు. పక్క గదిలో పిల్లలు సినిమా చూస్తుంటే బేరం మధ్యలో మాట తెగవచ్చు.

అయితే ఇతర సంస్థల సేవ తీగతో ముడిపడి లేదు. ఊరు మారినా నంబరు వెంట వస్తుంది. విదేశీ కాల్స్ చౌక. అమెరికాలోని వోనేజ్ 2009లో భారతదేశానికి అపరిమిత కాల్స్ గల పథకం తెచ్చింది. అక్కడి తెలుగు కుటుంబాలకు ఇది ఎంత ఉపయుక్తమో చెప్పనక్కరలేదు. మన దేశంలో మాత్రం వాట్సాప్ వంటి వాటితో ఆ యాప్ ఉన్నవారికే ఫోను చేయగలం. దుకాణానికి వచ్చే రైతు సాధారణ నంబరుకు, 108కి అవి పనికిరావు.

అన్నిటికంటె ముఖ్యమైనది కరెంటు. పాత రాగితీగ ఫోనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుండే విద్యుత్తు వచ్చేది. ఇంట్లో దీపం ఆరినా ఫోను మోగేది. ఇంటర్నెట్ ఫోను, ఎవరిదైనా సరే, గోడకున్న పెట్టె ఆరిపోతే మూగబోతుంది. అందుకే అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2015లో, ఇటువంటి ఇంటి ఫోను ఇచ్చే సంస్థలు కోరిన వారికి 8 గంటలు నడిచే బ్యాటరీని అమ్మకానికి ఉంచవలెనని ఆదేశించింది. 2019 నుండి 2025లో ఆ నిబంధన ముగిసేవరకు ఆ గడువు 24 గంటలుగా ఉండేది. ఇక్కడ ఆ బ్యాటరీ మనమే కొనుక్కోవాలి. ఆపరేటరు గదిలోనూ కరెంటు లేకుంటే మన బ్యాటరీ ఉన్నా ఫలితం లేదు. పైగా మన తీగలు తరచు విద్యుత్ స్తంభాల మీదుగానే సాగుతాయి. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను విశాఖలో ఎన్ని స్తంభాలను కూల్చిందో జ్ఞాపకమే గదా.

కనుక ఏడాది చందా ముందుగా చెల్లించే ముందు ఒక నెల వాడి చూడండి. సాయంత్రం రద్దీ వేళ మాట్లాడండి. ఆపరేటరు గదిలో ఇన్వర్టరు ఎన్ని గంటలు నిలుస్తుందో అడగండి. అంతవరకు బిల్లు పుస్తకాలపై పాత మొబైల్ నంబరునే ఉంచండి.