పుదీనా మడి చెప్పిన సంగతి

“కొన్నాళ్ళు ఆగితే చవక సోలార్ పలకలు వస్తాయట కదా, బోరు మోటారుకు అప్పుడే పెట్టుకుందాం” అనుకునే రైతులకు ఈ నాలుగు మాటలు. ఆ చవక పలక పేరు పెరోవ్‌స్కైట్.

1839లో రష్యాలోని ఉరల్ కొండల్లో దొరికిన ఒక ఖనిజం పేరది. ఇప్పుడు వాడేది ఆ రాయి కాదు, లోపలి అమరిక మాత్రం దానిదే. సీసం, అయోడిన్ లేదా బ్రోమిన్, వాటికి తోడు కర్బనం ఉన్న ఒక రసాయనం కలిపి చేస్తారు. అందుకే హైబ్రిడ్ అంటారు. విత్తనాల హైబ్రిడ్‌కూ దీనికీ చుట్టరికం లేదు!

సిలికాన్‌కు పెద్ద కొలిమి కావాలి. దీన్నయితే ద్రావణం చేసి, గోడకు సున్నం వేసినట్టు గాజు మీద పలచగా పూస్తే సరి. ఎండ తగిలితే కరెంటిస్తుంది, కరెంటు పెడితే వెలుగిస్తుంది. బ్రోమిన్‌తో పచ్చ వెలుగు, అయోడిన్ పాలు పెరిగితే ఎరుపు. 2014లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ఈ దీపాలు వెలిగించి చూపారు. 2009లో జపాన్‌లో మియాసకా బృందం చేసిన తొలి సోలార్ సెల్ ఎండలో నూటికి 3.8 వంతులే కరెంటుగా మార్చింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో 25 దాటింది.

మరి చిక్కేమిటి? తేమ. చెమ్మ తగిలిన బెల్లంలా పాడైపోతుంది. గాలి చొరకుండా గాజుల మధ్య మూసినా, సిలికాన్ పలకల్లా 25 ఏళ్ళు పనిచేస్తుందని పొలంలో ఇంకా రుజువు కాలేదు. దీపాలదీ అదే వరస, ఎక్కువ కాలం నిలవడం లేదు.

రైతుకు అసలు భయం సీసంతో. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ పదార్థం కలిసిన మట్టిలో పుదీనా పెంచారు. అప్పటికే కాలుష్యం వల్ల నేలలో ఉన్న సీసం కన్నా ఈ సీసం మొక్కలోకి పది రెట్లు ఎక్కువగా ఎక్కింది! పలకలో సీసం కొంచెమే ఉంటుంది, నిజమే. కానీ వడగళ్ళకో, కోతులు దూకో పలక పగిలి, వాన నీళ్ళు ఆకుకూర మడిలోకి దిగితే? సీసం పిల్లల మెదడుకు చేటు. సీసం బదులు తగరం వాడి చూస్తున్నారు గానీ, అది ఇంకా త్వరగా చెడుతోంది.

2024లో బ్రిటన్ కంపెనీ ఆక్స్‌ఫర్డ్ పీవీ, సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పూసిన పలకలను అమెరికాకు పంపింది. అంటే అమ్మకం మొదలైంది. అయినా మోటారు అవసరం ఇప్పుడే ఉన్న రైతు దీనికోసం ఆగనక్కర్లేదు, సిలికాన్ పలకే పెట్టుకోవచ్చు. రేపు ఎవరైనా కొత్త పలక తెస్తే రెండు సంగతులు కాగితం మీద రాయించుకోండి: హామీ ఎన్నేళ్ళు, పగిలిన పలకను వెనక్కి తీసుకెళ్ళేదెవరు. వాళ్ళు వచ్చేదాకా ముక్కల్ని చేతికి తొడుగు వేసుకుని ఏరి, ప్లాస్టిక్ గోతాంలో కట్టి, బావికీ పశువుల తొట్టికీ దూరంగా తడవని చోట ఉంచాలి.